చివరి బ్రౌజరు దాకా

గూగుల్ ఫాంట్స్‌లో ‘సురవరం’ అని ఒక తెలుగు ఫాంటు ఉంది. శీర్షికలకూ పోస్టర్లకూ పెద్ద సైజులో వాడుకోవడానికి చేసిన లావుపాటి అక్షరాలు. ఆ పేరు సురవరం ప్రతాపరెడ్డిది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఫాంటును 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా, ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సు కింద సిలికానాంధ్ర విడుదల చేసింది. ఇవాళ వెబ్‌సైటు పెట్టేవారు రెండు మూడు వరుసల కోడ్ రాస్తే చాలు, వనపర్తి బస్టాండులో ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ అక్షరాలే కనిపిస్తాయి. అతను ముందుగా ఏ ఫాంటూ దించుకోనక్కర్లేదు. ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇందులో విశేషం ఏముందని ఎవరైనా అడుగుతారు. ఆ రెండు మూడు వరుసలు అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా పనిచేయడానికి పదిహేనేళ్లు పట్టింది, విశేషం అదే. ఆ ఆలస్యం ఇంగ్లిషు పాఠకుణ్ని పెద్దగా తాకలేదు, తెలుగు పాఠకుణ్ని తాకింది. వెబ్‌లో ఏటా వచ్చిపడే కొత్త సౌకర్యాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ అనుభవాన్ని ముందు పెట్టుకోవాలన్నది నా వాదన. ఒక సౌకర్యం మొదట ఏ బ్రౌజరులో వచ్చిందన్నది కంపెనీలు చెప్పుకునే గొప్ప. జనం కోసం సైటు కట్టేవారు చూడాల్సింది అది చివరి బ్రౌజరులోకి ఎప్పుడు వచ్చిందన్నది.

బ్రౌజరు అంటే మనకు ఫోన్ తెర మీద ఒక గుర్తు, అంతే. దాని లోపల ఇంజను ఒకటి ఉంటుంది. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, శామ్‌సంగ్ ఇంటర్నెట్ వంటివాటిలో ఉన్నది బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నది గెకో. ఐఫోన్‌లోని సఫారీది వెబ్‌కిట్. పేరుకు పాతిక బ్రౌజర్లున్నా, ఇప్పుడు లెక్కలోకి వచ్చే ఇంజన్లు ఈ మూడే. పేజీ తయారుచేసేవారు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్టు అనే మూడు ఉమ్మడి భాషల్లో రాస్తారు; చదివి తెర మీద గీసేది ఇంజను. ఆ భాషల్లో కొత్త మాట చేరిన ప్రతిసారీ మూడు ఇంజన్లవాళ్లూ ఎవరికి వారు తమ ఇంజనుకు నేర్పాలి. ఒకరు ఈ నెలలో నేర్పితే ఇంకొకరు మూడేళ్లకు నేర్పుతారు. నేర్పనిచోట ఏమవుతుంది? సీఎస్ఎస్‌లో అయితే తెలియని మాటను బ్రౌజరు చప్పుడు చేయకుండా దాటేస్తుంది, పేజీ కాస్త వికారంగా కనిపిస్తుంది. జావాస్క్రిప్టులో అయితే చాలాసార్లు పని అక్కడికక్కడే ఆగిపోతుంది. బటన్ కనిపిస్తూనే ఉంటుంది, నొక్కితే కదలదు. నొక్కినవారికి లోపం ఎక్కడుందో తెలిసే వీలు లేదు. నెట్ సరిగా లేదనుకుంటారు, ఫోన్ పాడైందనుకుంటారు, తమకే చేతకావడం లేదనుకుంటారు.

ఫాంటు సంగతికే వస్తాను, ఎందుకంటే మన భాషకు సంబంధించినంతవరకు ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఫాంటును పేజీతోపాటే పంపే పద్ధతిని 1997లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4 రెండూ తెచ్చాయి. కాకపోతే ఎవరి దారి వారిదే. ఎక్స్‌ప్లోరర్‌కు ఈఓటీ రకం ఫైలు కావాలి, నెట్‌స్కేప్‌కు పీఎఫ్ఆర్ రకం కావాలి. 1998లో సీఎస్ఎస్ రెండో వెర్షన్‌లో ఈ పద్ధతికి చోటిచ్చారు. బ్రౌజర్లు కుదురుగా అమలు చేయకపోవడంతో తర్వాతి సవరణలో తీసేశారు. ఇంగ్లిషు సైట్లకు దీనివల్ల పోయిందేమీ లేదు. ప్రతి కంప్యూటరులోనూ ఇంగ్లిషు ఫాంట్లు ఉండనే ఉన్నాయి. తెలుగు సంగతి అలా కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, దాన్ని సరిగ్గా చూపించే ఏర్పాటు కంప్యూటర్లలో లేదు. అందుకని తెలుగు పత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లు పెట్టుకున్నాయి. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో మన గుణింతాల ముక్కల్నీ వత్తుల్నీ కూర్చిన ఫాంట్లవి. ఫాంటు అందితే తెలుగు. అందకపోతే తెర నిండా అర్థం పర్థం లేని రోమన్ అక్షరాలు. సెర్చ్ ఇంజన్లకు ఎప్పుడూ కనిపించింది ఆ రెండోదే. రోజూ పేజీలకు పేజీలు తెలుగు వార్తలు వెబ్‌లోకి ఎక్కాయి, వెతికితే ఒక్కటీ దొరకలేదు.

ఎక్స్‌ప్లోరర్ రాజ్యమేలినన్నాళ్లు ఈ ఏర్పాటు బండి లాగించింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. దానికి ఈఓటీ ఫాంట్లు చదవడం రాదు. బ్రౌజరు మార్చినవారికి తెలుగు పత్రిక ఒక్కరోజులో చదవరానిదైపోయింది. అప్పుడు ఆదుకున్నది ‘పద్మ’ అనే చిన్న ఫైర్‌ఫాక్స్ పొడిగింపు. ఒక్కో పత్రిక వాడే గళ్ల లెక్క తెలుసుకుని, పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. సైట్లు చేయాల్సిన పనిని పాఠకుల తరఫున ఇంకెవరో చేయాల్సి వచ్చిందన్నమాట. తర్వాత మామూలు ఫాంటు ఫైళ్లనే పేజీతో పంపే వీలు 2008 మార్చిలో సఫారీలో, 2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్‌లో, ఆ సెప్టెంబరులో ఒపెరాలో, 2010 జనవరిలో క్రోమ్‌లో వచ్చింది. 2011 మార్చిలో ఎక్స్‌ప్లోరర్ 9 కూడా ఉమ్మడి పద్ధతికి దిగివచ్చింది. ఆ ఉమ్మడి పద్ధతే వాఫ్ ఫైలు. 2012 డిసెంబరులో అది అధికారిక ప్రమాణమైంది. సురవరం ఫాంటు తయారైన 2013 నాటికి దారి అప్పుడే సాఫీ అయింది.

ఫోన్ల మాట ఇంకో కథ. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు అధికారికంగా చోటు దక్కింది 2012లో, 4.1 వెర్షన్‌తో. అంతకుముందు కొన్న ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. దానికి అప్పట్లో ఒక చిట్కా నోటి మాటగా తిరిగింది. ఒపెరా మినీ తెరిచి, అడ్రసు రాసేచోట ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, కింద క్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్నచోట ‘ఎస్’ అని మార్చాలి. అప్పుడు కంపెనీ సర్వరే తెలుగు మాటల్ని బొమ్మలుగా గీసి ఫోన్‌కు పంపేది. చదివినవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. అయినా చదువుకున్నారు. ఉపాయం తెలిసినవారికి తెలుగు దొరికింది, తెలియనివారికి డబ్బాలు మిగిలాయి. బ్రౌజర్ల మధ్య తేడా వచ్చినప్పుడల్లా ఇదే జరుగుతుంది. ఆ తేడాను దాటే ఓపిక, తెలివి, పరిచయం ఉన్నవారు దాటుతారు. లేనివారు ఆగిపోతారు, ఆగిపోయినవారి సంగతి సైటు కట్టినవారికి తెలియదు.

ఇప్పుడు పరిస్థితి అంత అధ్వానంగా లేదు, అది ఒప్పుకోవాలి. 2022 నుంచి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, మరి రెండు సంస్థలు కలిసి ‘ఇంటరాప్’ పేరుతో ఏటా ఒక జాబితా పెట్టుకుంటున్నాయి. ఈ ఏడాది ఈ సౌకర్యాలన్నీ అందరిలోనూ ఒకేలా పనిచేయాలని ఒప్పుకుని, ఉమ్మడి పరీక్షలు పెట్టి, ఎవరికెన్ని మార్కులో బహిరంగంగా చూపుతాయి. 2023 మేలో ‘బేస్‌లైన్’ అనే గుర్తు వచ్చింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల కంప్యూటర్, ఫోన్ వెర్షన్లలోనూ ఎడ్జ్ కంప్యూటర్ వెర్షన్‌లోనూ ఒక సౌకర్యం వచ్చేస్తే ఆ రోజున దానికి ‘కొత్తగా అందుబాటులోకి’ అనే ముద్ర. అక్కడినుంచి 30 నెలలు గడిస్తే ‘విస్తృతంగా అందుబాటులో’ అనే రెండో ముద్ర. ఈ 30 నెలల గడువే నాకు నచ్చిన భాగం. జూరాల ప్రాజెక్టు కాలువలకు నీళ్లు వదిలిన వార్త మర్నాటి పేపర్లో వస్తుంది గానీ, చివరి ఆయకట్టు రైతు నారు పోసుకునేది ఆ తేదీ చూసి కాదు. నీళ్లు తన తూము దాకా వచ్చే రోజును చూసి. బేస్‌లైన్ గుర్తు ఆ రెండో తేదీని రాసిపెడుతుంది.

కొన్ని తేదీలు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. పేజీ మీద చిన్న కిటికీ తెరిచి ‘నిజంగా సమర్పించాలా?’ అని అడిగే డైలాగ్ అనే సౌకర్యం క్రోమ్‌లో 2014 ఆగస్టులోనే వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లోకి, సఫారీలోకి వచ్చింది 2022 మార్చిలో. ఏడున్నరేళ్లు. లోపల ఏముందో చూసి బయటి పెట్టె రూపం మార్చగలిగే ‘హ్యాజ్’ సెలెక్టర్‌కు వరుస తిరగబడింది: 2022 మార్చిలో సఫారీ, ఆగస్టులో క్రోమ్, 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్. పేజీ మీద చిన్న పెట్టెను తెరిచి మూసే పాపోవర్ సంగతి మరీ బాగుంటుంది. 2024 ఏప్రిల్ నాటికి అన్ని బ్రౌజర్లూ తెచ్చేశాయని ముద్ర వేశారు. తీరా చూస్తే ఐఫోన్‌లో, తెరుచుకున్న పెట్టె బయట వేలితో తాకితే అది మూసుకోవడం లేదు. ముద్ర వెనక్కి తీసుకుని, లోపం సరిచేశాక 2025 జనవరి తేదీ వేశారు. కాగితం మీద ‘ఉంది’ అన్నదానికీ వేలికింద పనిచేయడానికీ మధ్య తేడాను ఇంత నిజాయితీగా ఒప్పుకున్న సందర్భాలు ఈ రంగంలో తక్కువ. పేజీని అడ్డం, నిలువు వరుసలుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ మాత్రం వీటికి భిన్నం. 2017 మార్చి ఒక్క నెలలోనే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ తెచ్చాయి, అదే ఏడాది అక్టోబరుకు ఎడ్జ్ కూడా. తలచుకుంటే కలిసి రాగలరని అది చూపించింది.

ఇక ఈ తేదీలు తగిలే ఊళ్లకు వద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు పాత మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయాయి. ఒకదానిలో సీడ్ పత్తి, ఒకదానిలో వేరుశనగ, ఒకదానిలో నల్లమల అడవి అంచు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది: ప్రభుత్వంతో పని వెబ్‌పేజీ మీదే జరుగుతుంది. మీసేవ 2011లో మొదలైంది. భూముల రికార్డులకు 2020 అక్టోబరులో ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చాయి. స్లాట్ బుక్ చేసుకోవాలన్నా, పాసుపుస్తకం వివరాలు చూసుకోవాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా దారి బ్రౌజరు గుండానే. ఇక్కడ షాపింగ్ సైటుకూ ప్రభుత్వ సైటుకూ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. ఒక షాపు పేజీ తెరుచుకోకపోతే ఇంకో షాపుకు పోతారు. భూమి రికార్డుకు రెండో షాపు లేదు.

మరి ఇక్కడి చేతుల్లో ఉన్న బ్రౌజర్లు ఏవి? విండోస్ 7 మీద నడిచే పాత కంప్యూటరులో క్రోమ్ 109తో ఆగిపోతుంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 దాని మీద ఎక్కదు. అదే కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ వాడితే 115 దగ్గర ఆగుతుంది. ఆ క్రోమ్‌కు ‘హ్యాజ్’ తెలుసు, పాపోవర్ తెలియదు. ఆ ఫైర్‌ఫాక్స్‌కు ‘హ్యాజ్’ కూడా తెలియదు. ఫోన్లలో ఆండ్రాయిడ్ 7 ఉన్నవి క్రోమ్ 119 దగ్గరా, 8, 9 ఉన్నవి 2025లో వచ్చిన 138 దగ్గరా నిలిచిపోయాయి. 2017లో ఊరూరా సందడి చేసిన జియోఫోన్ చూడండి. దానిలోని కైఓఎస్ కింద ఉన్నది 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజను. గ్రిడ్ వచ్చింది ఫైర్‌ఫాక్స్ 52తో. అంటే ప్రపంచమంతా గ్రిడ్ వచ్చేసిందని పండగ చేసుకున్న ఏడాదిలోనే, గ్రిడ్ తెలియని బ్రౌజరుతో మన దగ్గర కొత్త ఫోన్లు అమ్ముడయ్యాయి. ఫోన్ కొన్న తేదీ చూసి బ్రౌజరు వయసు చెప్పలేమని ఇంతకంటే స్పష్టంగా ఏది చెబుతుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. మన దేశంలో అత్యధికులు వాడేది క్రోమే కదా, క్రోమ్‌లో పనిచేస్తే చాలదా, మూడు ఇంజన్ల గొడవ మనకెందుకు అని. మొదటి జవాబు పైన చెప్పిందే: క్రోమ్ అనేది ఒకటి కాదు. 109, 119, 138, ఇవాళ్టిది, అన్నిటికీ గుర్తు ఒకటే, లోపల వేరు. రెండో జవాబు చరిత్రలో ఉంది. ఎక్స్‌ప్లోరర్‌కు కూడా ఇదే మాట చెప్పారు. అందరూ అదే వాడుతున్నారు కదా అని పత్రికలు దానికి తగ్గ ఫాంట్లు పెట్టాయి, ఆఫీసులు దానిలో మాత్రమే పనిచేసే డిజిటల్ సంతకాల ఏర్పాట్లు చేసుకున్నాయి, ‘ఈ సైటు ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనిపిస్తుంది’ అని పేజీ అడుగున రాసుకున్నాయి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. యూసీ బ్రౌజరు మన దేశంలో ఒకప్పుడు క్రోమ్‌తో పోటీపడింది. 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది, ఒక్క ఉత్తర్వుతో పోయింది. ఒక కంపెనీ నిర్ణయం మీదో, ఒక ఉత్తర్వు మీదో ఆధారపడే చోట పట్టాభూమి రికార్డును నిలబెట్టడం తెలివైన పని కాదు. ఉమ్మడి ప్రమాణం మీద కట్టిన పేజీ బ్రౌజరు పోయినా మిగులుతుంది.

వెబ్ ఎందుకు, యాప్ చేస్తే సరిపోతుంది కదా అన్నది మరో అభ్యంతరం. దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. యాప్‌కూ కనీస ఆండ్రాయిడ్ వెర్షన్ ఉంటుంది, అదీ పాత ఫోన్లను వదిలేస్తుంది. ఏడాదికి ఒకసారి పనిపడే దరఖాస్తు కోసం నిండిపోయిన ఫోన్‌లో చోటు ఖాళీ చేసుకోవాలి. లింకు అయితే వాట్సాప్‌లో పక్కింటివాళ్లు పంపితే తెరుచుకుంటుంది, మీసేవ కంప్యూటరులోనూ తెరుచుకుంటుంది.

తెలుగుకు ప్రత్యేకంగా తగిలే చిక్కుల్ని ఊరి పేరుతోనే చూడవచ్చు. నాగర్‌కర్నూల్ అని రాసినప్పుడు కంటికి కనిపించేవి ఆరు అక్షరాలు: నా, గ, ర్, క, ర్నూ, ల్. కంప్యూటరు లెక్కలో అవి పదమూడు. దీర్ఘానికి ఒకటి, పొల్లుకు ఒకటి, గుడికొమ్ములన్నిటికీ విడివిడిగా ఒక్కోటి. పైగా ‘ర్’కూ ‘క’కూ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి. ఆ గుర్తు లేకపోతే క వెళ్లి ర కింద వత్తుగా చేరిపోయి నాగర్కర్నూల్ అవుతుంది. ఒకరు ఆ గుర్తుతో రాస్తారు, ఇంకొకరు లేకుండా రాస్తారు. రెండూ ఒకటేనని సైటుకు ఎవరూ చెప్పకపోతే ఒకటి వెతికితే ఇంకోటి దొరకదు. దరఖాస్తులో ఊరి పేరుకు పన్నెండు గళ్లే ఇచ్చారనుకోండి, చివరి పొల్లు తెగిపోయి ‘నాగర్‌కర్నూల’ మిగులుతుంది. వనపర్తి కంటికి నాలుగు, కంప్యూటరుకు ఏడు. ఇంగ్లిషు పేరుకు ఈ బాధ లేదు, అక్కడ అక్షరమూ గడీ ఒకటే.

దీనికి మందు బ్రౌజర్లలోనే ఉంది. మాటను మనిషి కంటికి కనిపించే అక్షరాలుగా విడదీసే ‘ఇంటిల్ సెగ్మెంటర్’ అనే సౌకర్యం క్రోమ్‌లో 2020 నవంబరులో, సఫారీలో 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లోకి రావడానికి 2024 ఏప్రిల్ దాకా ఆగాలి. ఇంగ్లిషులో రాసే డెవలపరుకు ఈ మూడున్నరేళ్లు అసలు తెలిసి ఉండవు, ఎమోజీలు లెక్కపెట్టేవారు తప్ప. ఇందులో ఇంకో మెలిక. వత్తుతో కలిసిన అక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టాలన్న నియమం తెలుగు, దేవనాగరి వంటి లిపులకు యూనికోడ్ ప్రధాన నియమాల్లో చేరింది 2023 సెప్టెంబరులో, 15.1 వెర్షన్‌తో. కాబట్టి సౌకర్యం ఉందా లేదా అని అడిగితే సరిపోదు. ఏ నియమాల పుస్తకంతో ఉంది, ‘ర్తి’ని ఒకటి అంటుందా రెండు అంటుందా అని పరీక్షించి చూడాలి. ఈ పరీక్ష తెలుగు తెలిసినవారే చేయగలరు. తెలుగుతో పరీక్షించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’లో కనిపించని గుర్తు ఒకటి చేరిన మాటను ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు మెసేజ్‌గా పంపితే దాన్ని చూపే యాప్ కుప్పకూలేది. 19వ తేదీన 11.2.6 ఇచ్చి సరిచేశారు. ఆండ్రాయిడ్‌కు అది సోకలేదు, ఎందుకంటే తెలుగు అక్షరాలను కూర్చే యంత్రాంగం అక్కడ వేరు.

ఇంతగా ఆగమంటే కొత్తదనం ఎప్పుడు వస్తుంది, అందరూ వాడేదాకా ఎవరూ వాడకపోతే బ్రౌజర్లు మాత్రం ఎందుకు తెస్తాయి అన్న ప్రశ్న న్యాయమైనదే. అన్నిటికీ ఆగమని నేను అనడం లేదు. లేకపోతే నష్టం ఏమిటన్నది చూసి తేల్చుకోవాలి. లింకు కింద గీత వత్తుల్ని కోసేసుకుంటూ పోకుండా వాటి దగ్గర తెగి మళ్లీ సాగే సౌకర్యం క్రోమ్‌లో 2018 జనవరిలో, ఫైర్‌ఫాక్స్‌లో 2019 అక్టోబరులో వచ్చింది. లేని బ్రౌజరులో గీత అడ్డంగా పోతుంది, చదవడం ఆగదు. ఇలాంటివి మొదటి రోజునుంచే వాడుకోవచ్చు. ఫాంటు దిగేదాకా మాటల్ని దాచిపెట్టకుండా ఉన్న ఫాంటుతోనే చూపమని చెప్పే ఏర్పాటు 2017 జూలై నుంచి 2018 మార్చి లోపు మూడింటిలోనూ వచ్చింది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే నల్లమలలోని అమ్రాబాద్ వైపు అది లేకపోతే పేజీ కొన్ని సెకన్లు ఖాళీగా ఉంటుంది, తర్వాత వస్తుంది. అదీ ప్రాణాంతకం కాదు. దరఖాస్తు సమర్పించే బటన్ మాత్రం వేరు. దాన్ని నిన్న వచ్చిన సౌకర్యం మీద నిలబెట్టకూడదు. నిలబెట్టాలనుకుంటే, అది లేని బ్రౌజరుకు పాత పద్ధతిని కూడా పక్కన ఉంచాలి. ఉందో లేదో బ్రౌజరునే అడిగి తెలుసుకునే ఏర్పాట్లు సీఎస్ఎస్‌లోనూ జావాస్క్రిప్టులోనూ ఎప్పటినుంచో ఉన్నాయి. అలసత్వం తప్ప అడ్డేమీ లేదు.

ఆగినా రాని సౌకర్యాలూ ఉన్నాయి. మాట్లాడితే రాసుకునే సదుపాయం క్రోమ్‌లో 2013లోనే పేజీలకు దొరికింది. 2017 ఆగస్టులో గూగుల్ తన గొంతు గుర్తింపులో తెలుగును చేర్చింది. సఫారీ 2021లో తెచ్చింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని విడుదల చేయనే లేదు. టైపింగ్ రాని రైతుకు ఇంతకంటే పనికొచ్చే సౌకర్యం వెబ్‌లో ఇంకోటి లేదని నా అభిప్రాయం. అందుకే దీన్ని వాడొద్దని చెప్పలేను. మైకు బొమ్మ పెట్టండి, పక్కనే రాసే పెట్టె కూడా ఉంచండి, అంతవరకే చెప్పగలను. ఇక్కడ నా సూత్రం కొంచెం సడలుతుంది, సడలనివ్వడమే న్యాయం.

ఈ నిర్ణయాలన్నీ అమెరికాలో పెద్ద కంపెనీలు తీసుకునేవి, మనం చేయగలిగింది ఏముందన్న నిరుత్సాహం కూడా వింటుంటాం. సగమే నిజం. బ్రౌజర్లు ఒకేలా పనిచేస్తున్నాయా అని కొలిచే ‘వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్’ అనే ఉమ్మడి పరీక్షల గుట్ట బహిరంగమైనది. ఎవరైనా పరీక్ష రాసి పంపవచ్చు. ఇంటరాప్‌లో మార్కులు పడేది ఆ పరీక్షల మీదే. పరీక్షల్లో తెలుగు లేకపోతే తెలుగులో తప్పు ఉన్నట్టే లెక్కలోకి రాదు. కవులే లేరన్నవారితో వాదిస్తూ కూర్చోకుండా పేర్లూ పద్యాలూ పోగేసి సురవరం 354 మందిని ఎదుట పెట్టిన పద్ధతి ఇక్కడా చెల్లుతుంది. గద్వాలలో కంప్యూటర్లు చదివే డిగ్రీ విద్యార్థి ‘ర్తి’ ఒక అక్షరమా రెండా అని తేల్చే పరీక్ష రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇటువైపు చేయాల్సిన పని టెండరు కాగితంలో ఉంది. ప్రభుత్వ సైట్లు కట్టించేటప్పుడు ‘అన్ని ఆధునిక బ్రౌజర్లలో పనిచేయాలి’ అని రాస్తే దానికి అర్థం లేదు. ఏది ఆధునికమో కాంట్రాక్టరే తేల్చుకుంటాడు. దానికి బదులు, సమర్పణకూ చెల్లింపుకూ సంబంధించిన ప్రతి పేజీ బేస్‌లైన్‌లో విస్తృతంగా అందుబాటులో ఉన్న సౌకర్యాలతోనే నడవాలని రాయవచ్చు. ఆ జాబితా బహిరంగమే కాబట్టి తనిఖీ చేయడం తేలిక. దాంతోపాటు ఒక విండోస్ 7 కంప్యూటరు, ఒక ఆండ్రాయిడ్ 8 ఫోన్, ఒక పాత ఐఫోన్ ముందు పెట్టుకుని, జిల్లాలోని మండలాల పేర్లన్నీ తెలుగులో కొట్టి, వెతికి, సమర్పించి చూశాకే బిల్లు చెల్లించాలని ఇంకో షరతు. నాగర్‌కర్నూల్‌ను ఆ కనిపించని గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి కొట్టాలి. ఒక పూట పని.